ఇల్లాలి సేవకు లెక్క



కాడియెద్దు కుంటినచో ఆనాడు అరక కట్టము. ఒకే పైరు వేసిన నేల సారము తగ్గునని పంట మార్చెదము. రోగికి రేయింబవళ్లు సేవ చేయు ఇల్లాలికి విశ్రాంతి యెప్పుడని మాత్రము విచారింపము.

ఒక యేడు తొలకరికి ముందు వేరుసెనగ విత్తనశుద్ధి చూపుటకై ఒక గ్రామమునకు పోయితిమి. రచ్చబండ వద్ద పురుషులే కూడిరి. పాఠము ముగిసిన పిమ్మట ఒక రైతు, "అయ్యా, మాయింట కాయ వొలిచి మందు పట్టించునది నా భార్య. మా అమ్మకు పక్షవాతము వచ్చి రెండేండ్లాయెను. ఆమె ఇల్లు కదలలేదు" అనెను. వారి యింటికి పోయితిమి. ఆమె నడుము పట్టుకొని లేచెను. "అమ్మా, డాక్టరుకు చూపితివా?" అని యడుగగా, "నేను పోయిన అత్తను చూచువారెవరయ్యా?" అనెను. పాఠము చేరవలసినవారిని విడిచి వచ్చిన తప్పు మాదేనని గ్రహించితిమి.

1. శ్రమ: 2019లో కేంద్ర ప్రభుత్వము జరిపిన కాల వినియోగ సర్వే ననుసరించి, ఇంటిపని చేయువారిలో స్త్రీ దినమునకు సగటున 299 నిమిషములును, పురుషుడు 97 నిమిషములును వెచ్చించుచుండిరి. పిల్లలకు, వృద్ధులకు, రోగులకు సేవ చేయువారిలో స్త్రీకి 134, పురుషునికి 76 నిమిషములు పట్టుచుండెను. ఈ పనికి కూలి లేదు.

2. ఆరోగ్యము: రోగిని ఒంటరిగా ఎత్తుటచే నడుము చెడును. రాత్రి నిద్ర చెడుటచే చిరాకును, దిగులును కలుగును. అందరును తినిన పిదప మిగిలినది తినుటచే రక్తము క్షీణించును. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కనబడినది.

3. ధనము: దినకూలి 300 రూపాయలనుకొనుడు. సేవవలన ఏడాదికి నూరు దినములు పనికి పోలేకున్నచో 30,000 రూపాయలు పోయినట్లే. ఇది మన చిట్టాలో ఎక్కడను కనబడదు. పైగా పట్టాయు, సంఘ సభ్యత్వమును భర్త పేరనే యుండును. అతడు గతించినచో ఏండ్ల తరబడి సేవచేసిన యామె చేతిలో ఒక కాగితమైనను ఉండదు. 1989లో జంషెడ్‌పూరులో జరిగిన అగ్నిప్రమాదపు వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2001లో గృహిణుల సేవకు నెలకు 3,000 రూపాయలు విలువ కట్టినది. న్యాయస్థానము మరణానంతరము కట్టిన విలువను మనము బ్రదికియుండగనే కట్టవలదా?

4. చేయవలసినది:

రోగిని ఇద్దరు కలిసి దుప్పటి అంచులు పట్టి జరుపవలెను. మోకాళ్లు వంచవలెను గాని నడుము వంచరాదు. పుండ్లు పడకుండ రెండు గంటల కొకసారి ప్రక్క మార్చవలెను. రాత్రి వంతులలో సగము పురుషులు తీసికొనవలెను.

ఇల్లాలికి రక్తపరీక్ష చేయించి, కొరత యున్నచో ఆరోగ్య ఉపకేంద్రములో ఇనుపధాతువు మాత్రలు ఇప్పింపవలెను. ఆకుకూరలో నిమ్మరసము పిండుట మేలు. భోజనము వెంటనే టీ త్రాగరాదు.

భూమిలో కొంతయైనను ఆమె పేర వ్రాయింపవలెను. బ్యాంకు ఖాతాలోను, బీమాలోను నామినీగా ఆమె పేరు ఉన్నదో లేదో నేడే చూచుకొనవలెను. పొదుపు సంఘపు కంతు ఆమె కట్టలేని నెల ఇంటివారు కట్టవలెను.

పైన చెప్పిన రైతు మరుసటి వారమునుండి రాత్రి వంతు తాను తీసికొనెను. వదినగారు వారమునకు రెండు పూటలు వచ్చి కూర్చుండుటకు ఒప్పుకొనిరి. ఆ రెండు పూటలలో మొదటిదానియందే ఆమె ఆస్పత్రికి పోయి వచ్చెను. మా తరువాతి ప్రదర్శన ఆమె యింటి అరుగుమీదనే జరిపితిమి. ఆమె మంచముపై ఒక కన్ను వేసియే గింజలకు మందు కలిపెను.

సభ్యులారా, వచ్చు సర్వసభ్య సమావేశమునకు మీ యింటి వ్యవసాయపు లెక్క తెచ్చునపుడు ఇల్లాలి దినములకును ఒక గడి గీసి తెండు.