ఫోటో తీసిన మనిషి ఎక్కడ?

సమస్య

మాది న్యూజెర్సీలో ఎడిసన్. నేనూ మావారూ ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులమే. పాపకు 12, బాబుకు 8. మా మరిది, తోడికోడలు టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటారు. పెళ్ళయిన కొత్తలో మేమిద్దరం అక్కాచెల్లెళ్ళలా ఉండేవాళ్ళం. కొన్నేళ్ళుగా మా మధ్య పైకి చెప్పుకోని పోటీ నడుస్తోంది. పెళ్ళిరోజున ఆమె భర్త గురించి ఒక పేజీ రాస్తే నేను రెండు రాస్తాను. వరలక్ష్మీ వ్రతానికి వాళ్ళు పట్టుబట్టల్లో రీల్ పెడితే, దసరాకు మేం బొమ్మల కొలువు ముందు రీల్ పెడతాం. గుంటూరులో ఉన్న మా అత్తగారు రెండూ చూసి, "చిన్నవాళ్ళు ఎంత అన్యోన్యంగా ఉన్నారో! మీరెందుకమ్మా ఎడమొహం పెడమొహంగా కనిపిస్తారు?" అని నాకే ఫోన్ చేస్తారు.

ఈ థాంక్స్‌గివింగ్‌కు ఎలాగైనా మంచి ఫోటో రావాలని నలుగురికీ ఒకే రంగు స్వెట్టర్లు తెప్పించాను. మావారు "ఈ ప్రదర్శన నా వల్ల కాదు" అన్నారు. పిల్లల ముందే మాటా మాటా పెరిగింది. చివరికి వచ్చి నిలబడ్డారు. పాప ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చింది. చాలా తీస్తే ఒకటి బాగా వచ్చింది. "నా ప్రపంచం ఇదే" అని పెట్టాను. బోలెడు లైకులు వచ్చాయి. ఆ నాలుగు రోజుల సెలవుల్లో మావారు నాతో మాట్లాడలేదు. తెనాలి నుంచి మా పిన్ని మాత్రం "అక్క ఏదే?" అని కామెంట్ పెట్టింది. నాన్న పోయాక అమ్మ మొదటిసారి మా దగ్గరికి వచ్చింది, జనవరిలో వెళ్ళిపోతుంది. ఫోటోలన్నీ తీసింది అమ్మే కదా, అందుకే లేదు అని జవాబిచ్చాను. అమ్మంటే నాకు ప్రాణం. మదర్స్ డేకి అమ్మ గురించి ఇంగ్లీషులో నేను రాసింది చదివి మా ఆఫీసువాళ్ళు కూడా కళ్ళు చెమర్చాయన్నారు.

ఇప్పుడు క్రిస్మస్ సెలవులు వస్తున్నాయి. నలుగురికీ ఒకే డిజైను పైజమాలు ఆర్డరు పెట్టాను. మావారు వేసుకోనంటున్నారు. ఉన్నట్టుండి మానేస్తే మా కాపురంలో ఏదో అయిందనుకుంటారు. ఏం చేయమంటారు?

— పేరు వద్దు, ఎడిసన్

సలహా

అమ్మా, ఈ సెలవుల కాలంలో నాకు ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తాయి. మీ ఉత్తరం పక్కన పెట్టలేకపోయింది మీ తోడికోడలి వల్ల కాదు, మీ ఆయన వల్లా కాదు. సమస్య అని మీకు తట్టకుండానే మధ్యలో రాసేసిన ఒక్క మాట వల్ల. "ఫోటోలన్నీ తీసింది అమ్మే కదా, అందుకే లేదు."

మీరు అడిగినవాటికి ముందు చెప్పేస్తాను. పైజమా విషయంలో నేను మీ ఆయన పక్షం. ఇష్టం లేని మనిషిని నిలబెట్టి తీసిన ఫోటో మీ కాపురానికి ఏ మేలూ చేయదు, నాలుగు రోజుల మౌనం మీరే చూశారు. పాపను కూడా అడగకుండా ఏదీ పెట్టకండి. పిల్లల్ని వీడియోల్లో చూపించి సంపాదించే తల్లిదండ్రులు అందులో పిల్లల వాటా విడిగా దాచాలని ఇల్లినాయిస్ రాష్ట్రం 2024 జులై నుంచి చట్టం అమలు చేస్తోంది. మీరు డబ్బు సంపాదించడం లేదు, నిజమే. కానీ కెమెరా ముందు నవ్వుతూ నిలబడడం పిల్లలకు పనే అవుతుందని ఒక ప్రభుత్వానికి తోచినప్పుడు, ఏడ్చిన మొహం కడుక్కుని వచ్చిన పిల్ల చేత ఆ పని చేయించవచ్చా అని తల్లికి తోచవద్దా?

తోడికోడలికి ఫోన్ చేయండి. ఒకప్పుడు అక్కాచెల్లెళ్ళలా ఉన్నామని మీరే రాశారు. అక్కడ ఆమె కూడా మీ రీల్ చూసి ఇదే బాధ పడుతూ ఉండి ఉంటుంది. అత్తగారి మీద మాత్రం నాకు కోపం రావడం లేదు. గుంటూరులో కూర్చున్న ఆవిడకు ఇద్దరు కొడుకుల సంసారాల గురించి ఫోటోలు తప్ప మీరేం మిగిల్చారు? రెండు ఫోటోలు పక్కపక్కన కనిపిస్తే ఎవరైనా పోలుస్తారు. బాబుకు జలుబు చేసిందనీ, పప్పు మాడిందనీ, పాపకు లెక్కల్లో మార్కులు తగ్గాయనీ రోజూ చెప్పుకునే చోట ఈ పోలికలు పుట్టవు. మీ ఆయన్ని వారానికి రెండుసార్లు వాళ్ళమ్మతో తీరిగ్గా మాట్లాడమనండి. కాపురంలో ఏదో అయిందనుకునే మిగతావాళ్ళను అనుకోనివ్వండి.

ఇక మీ అమ్మగారి సంగతి.

మీ ఇంట్లో ఇప్పుడు ఐదుగురు ఉన్నారు. స్వెట్టర్లు నలుగురికి. పైజమాలు నలుగురికి. "నా ప్రపంచం ఇదే" అని మీరు పెట్టిన ఫోటోలో నలుగురు. భర్త పోయాక మొదటిసారి కూతురింటికి వచ్చిన మనిషి చేతికి ఫోన్ ఇచ్చి, ఎదురుగా నిలబడి, మీ నలుగురి నవ్వు సరిగ్గా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ తీయించారు. పోట్లాట, పాప ఏడుపు అన్నీ ఆవిడ కళ్ళముందే జరిగాయి. అయినా చేయి కదలకుండా ఫోన్ పట్టుకుని నిలబడి ఉంటారు. మీ పిన్ని సముద్రాలవతల నుంచి గుర్తుపట్టి అడిగిన సంగతి ఇంట్లో ఉన్న ఒక్కరికీ తోచలేదు. పైగా ఆ ప్రశ్నకు మీరిచ్చిన జవాబులో తప్పేమిటో ఇప్పటికీ మీకు తెలియలేదు. అందుకే కోపంగా రాస్తున్నాను.

మన పాత ఇళ్ళల్లో గోడకు వేలాడే కుటుంబం ఫోటోలు గుర్తు తెచ్చుకోండి. మధ్యలో కుర్చీల్లో తాతయ్య, నానమ్మ. వెనక నిలబడ్డ కొడుకులూ కోడళ్ళూ. కింద చాప మీద పిల్లలు. తీసేవాడు స్టూడియో నుంచి వచ్చిన బయటి మనిషి కాబట్టి ఇంట్లోవాళ్ళెవరూ మిగిలిపోయేవాళ్ళు కాదు. ఎవరెక్కడ కూర్చోవాలో కూడా అడగక్కర్లేదు, కుర్చీలు పెద్దవాళ్ళవే. కెమెరా మన చేతికొచ్చాక ప్రతి ఫోటోకూ ఇంట్లోంచి ఒక మనిషి తగ్గడం మొదలైంది. ఆ తగ్గే మనిషి ఎవరో ఇంటింటికీ చూసుకోండి. వంట చేసిన ఆవిడే, పసివాణ్ణి ఎత్తుకున్న ఆవిడే, "నేనెందుకులే, మీరు నిలబడండి" అనే ఆవిడే. ఆ మాట విని నిజమేననుకోవడం పిల్లల తప్పు. పెద్దవాళ్ళు వద్దంటారు, రెండోసారి అడగాలి. మూడోసారి చేయి పట్టుకుని కూర్చోబెట్టాలి.

అమెరికాలో మన అమ్మానాన్నలు గడిపే ఆర్నెల్లు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పాలా? సందర్శకుల వీసా మీద వచ్చినవాళ్ళకు మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. కూతురి పురుటికి ఒక అమ్మ వస్తుంది, ఆమె వెళ్ళగానే అటువైపు అమ్మ వస్తుంది. పసిపిల్లలు ఆ చేతుల మీదే పెరుగుతారు. పిల్లలు బడికీ పెద్దలు ఆఫీసుకూ వెళ్ళాక ఆ ఇంట్లో ఒక్క మనిషే. కారు నడపడం రాదు, నడిచి వెళ్ళే దూరంలో ఏమీ ఉండదు. డిసెంబరులో మీ ఊళ్ళో సాయంత్రం నాలుగున్నరకే పొద్దుగూకుతుంది. మధ్యాహ్నం రెండింటికి తోచక ఎవరితోనైనా మాట్లాడదామంటే, తెనాలిలో అప్పుడు రాత్రి పన్నెండున్నర. చెల్లెలు నిద్రలో ఉంటుంది. భర్త ఉన్న రోజుల్లో ఆ మధ్యాహ్నాలు ఇద్దరూ కలిసి గడిపేవాళ్ళు. ఒంటరితనం ఆరోగ్యాన్ని దెబ్బతీస్తోందని 2023లో అమెరికా సర్జన్ జనరల్‌గా ఉన్న వివేక్ మూర్తి దేశానికే హెచ్చరిక జారీ చేశారు. ఆ ఒంటరితనాన్ని వెతుక్కుంటూ ఎక్కడికో పోనక్కర్లేదు, మీ డైనింగ్ హాల్లోనే ఉంది.

మదర్స్ డే పోస్టు గురించి గర్వంగా రాశారు. ఆ రోజు ఎలా పుట్టిందో చెప్తాను. వెస్ట్ వర్జీనియాకు చెందిన ఆనా జార్విస్ అనే ఆవిడ తల్లి 1905 మే నెలలో పోయారు. ఆ తల్లి జ్ఞాపకంగా 1908లో గ్రాఫ్టన్ ఊరి చర్చిలో మొదటిసారి మాతృదినం జరిపించారు. 1914లో అధ్యక్షుడు విల్సన్ దాన్ని దేశమంతటికీ ప్రకటించారు. తర్వాత పూలూ మిఠాయిలూ అచ్చువేసిన కార్డులూ అమ్ముకునేవాళ్ళ చేతిలో ఆ రోజు పడిపోవడం చూసి, దాన్ని పుట్టించిన ఆనా జార్విసే దానితో పోరాడారు. కన్నతల్లికి స్వయంగా నాలుగు ముక్కలు రాయలేక అచ్చు కార్డు కొని పంపడమేమిటని ఆవిడ బాధ. ఉన్నదంతా ఆ పోరాటంలోనే ఖర్చుపెట్టి 1948లో ఒక శానిటోరియంలో కన్నుమూశారు. మీ పోస్టు మీ సొంత మాటలే, కాదనను. కానీ అది ఎవరికి రాశారు? ఆఫీసువాళ్ళు చదివారు, కళ్ళు చెమర్చాయి. మీ అమ్మగారికి అది తెలుగులో ఎవరైనా చదివి వినిపించారా? వినిపించి ఉంటే మీరు తప్పకుండా రాసేవారు. అందులోని మాటలన్నీ ఇప్పుడు ఆవిడ పక్కన కూర్చుని తెలుగులో చెప్పండి. సిగ్గేస్తుంది, గొంతు పట్టేస్తుంది. అయినా చెప్పండి.

ఫోటోలు మానేయమనడం లేదు. దూరాన ఉన్నవాళ్ళకు అవే ఆధారం. ఫోన్‌లో టైమర్ ఉంటుంది, స్టాండు పెద్ద ఖరీదేం కాదు. అమ్మను మధ్యలో కూర్చోబెట్టి ఒకటి తీసి, ముందు పిన్నికీ అత్తగారికీ పంపండి. లోకానికి పెట్టాలో వద్దో తర్వాత చూడవచ్చు. పైజమాలు తిరిగి పంపేయండి. డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం మొదలవుతుంది, బ్రిడ్జ్‌వాటర్‌లో వెంకటేశ్వరస్వామి గుడి మీకు ఎంతో దూరం కాదు. సెలవు పెట్టి ఒక పొద్దున ఆవిడను తీసుకెళ్ళండి, వచ్చేటప్పుడు ఓక్ ట్రీ రోడ్డులో టిఫిన్ చేసి, ఆవిడ చెల్లెలికి తీసుకెళ్ళాలనుకున్నవి కొనిపెట్టండి. మధ్యాహ్నాలు ఆఫీసు నుంచి ఐదు నిమిషాలు ఫోన్ చేయండి. జనవరి ఎంతో దూరంలో లేదు.

చివరి మాట మీ ఆయనకు. ఈ పేజీ ఆయన చేత కూడా చదివించండి. బాబూ, ప్రదర్శన ఇష్టం లేదన్నందుకు నిన్ను సమర్థించాను. కానీ ఫోటోలో ఉండనని అంత గొడవ పడ్డవాడివి, ఆ ఫోన్ నువ్వందుకుని "అత్తయ్యా, మీరు వెళ్ళి కూర్చోండి, నేను తీస్తాను" అని ఎందుకు అనలేదు?