టమాటా ధర పెరిగితే డిమాండ్ తగ్గినట్టేనా?

ఆన్‌లైన్ ఎకనామిక్స్ కోర్సు గురించి మా క్లాసులో ఎవర్ని అడిగినా రెండే మాటలు. "ఈజీరా, 2ఎక్స్‌లో పెట్టేయ్." లేదంటే, "కోడింగ్ చేసేవాళ్ళకి ఇదెందుకు?" నేను 2ఎక్స్ బ్యాచ్. మొదటి క్విజ్‌లో పదికి మూడొచ్చాయి.

నన్ను ముంచిన ప్రశ్న ఇది: పంట దెబ్బతిని టమాటా ధర పెరిగితే డిమాండ్ తగ్గుతుందా? తగ్గుతుందని పెట్టా. తప్పు.

2023 జూలైలో కిలో 100 రూపాయలు దాటినప్పుడు అమ్మ పావుకిలోతో సరిపెట్టి, పప్పులో చింతపండు పిండేది. టమాటా మీద ఇష్టమేం పోలేదు. ధర చూసి కొనే పరిమాణం తగ్గించింది, అంతే. అంటే డిమాండ్ గీత ఉన్నచోటే ఉంది, మనమే దాని మీద పైకి జరిగాం. ఎడమకి జరిగింది సరఫరా గీత. ఇక చింతపండుకైతే డిమాండ్ గీతే కుడికి జరిగింది, ఎందుకంటే దాని ధర మారకుండానే ఎక్కువ కొన్నాం.

ఇదంతా వీడియోలో సార్ చెప్పారు. ఆ స్పీడులో నాకే రెండూ ఒకటే అనిపించాయి. కానీ "మళ్ళీ చెప్పండి సార్" అనే వీలు లేకపోవడం మాత్రం కోర్సు లోపమే. వారానికో గంట లైవ్ డౌట్స్ పెడితే చాలు.

సబ్జెక్టే దండగ అనేవాళ్ళు ఈసారి వానలో క్యాబ్ బుక్ చేసి, రేటు చూసి, ఏ గీత ఎటు జరిగిందో చెప్పండి.