నూలులోనే బొమ్మ

మీ ఇంట్లో పోచంపల్లి చీర గాని, చిటికి దుప్పటి గాని ఉంటే ఒకసారి తిరగేసి చూడండి. మామూలు అచ్చు బట్ట అయితే ఒకవైపే రంగు నిండుగా ఉంటుంది, వెనుక వెలిసినట్లు కనిపిస్తుంది. చిటికి బట్టకు రెండు వైపులా రంగు ఒకే తీరుగా ఉంటుంది. కారణం ఏమిటి? ఇక్కడ బట్టకు రంగు వేయలేదు. బట్ట పుట్టకముందే నూలుకు వేశారు. బొమ్మ అంచులు కూడా గమనించండి. గీత గీసినట్లు ఉండవు, కాస్త చెదిరినట్లు ఉంటాయి. ఆ చెదురు తప్పు కాదు, చేతి పనికి గుర్తు.

ఇలా నూలు కట్టి, రంగు ముంచి, సొంత ఆలోచనతో బట్ట తయారు చేసే పనివారి జీవితం ఎలా ఉంటుందో ఈ పాఠంలో తెలుసుకుందాం. యాదాద్రి భువనగిరి జిల్లాలోని పుట్టపాకను ఉదాహరణగా తీసుకుందాం. ఒకప్పుడు ఈ ఊరు నల్గొండ జిల్లాలో ఉండేది. తేలియా రుమాలు అనే బట్టకు ఇది పేరుపొందింది. చీరాల నుంచి ఈ విద్య ఇటువైపు పాకింది. 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు లభించింది.

తేలియా అంటే నూనెది అని అర్థం. ఆముదపు కాయల పొట్టును కాల్చి, ఆ బూడిదను నీళ్ళలో కలిపి వడకడతారు. ఆ తేట నీటిలో నూనె కలిపి నూలు చిలపలను అందులో పిసుకుతారు, ఎండబెడతారు. మళ్ళీ పిసుకుతారు, మళ్ళీ ఎండబెడతారు. ఇలా రెండు మూడు వారాలు సాగుతుంది. ఇంకా ఒక్క చుక్క రంగు కూడా పడలేదని గుర్తుంచుకోండి. చూసేవారికి ఇది విసుగు పనే. అయితే నూనె, పటిక, అలిజరిన్ అనే రంగు మందు మూడూ పోగులో కలిసి పట్టుకున్నప్పుడే ఉతికినా వదలని ఎరుపు వస్తుంది. అలిజరిన్ మంజిష్ఠ జాతి వేళ్ళలో సహజంగా ఉండే పదార్థం. 1868లో జర్మనీ శాస్త్రవేత్తలు దాన్ని ప్రయోగశాలలో తయారు చేశారు. అంతకుముందు కోస్తా తీరపు అద్దకంవారు ఎరుపు కోసం చిరివేరు వాడేవారు.

ఇక అసలు ఆలోచన ఇక్కడ మొదలవుతుంది. గీతల కాగితం మీద బొమ్మ వేసుకుని, బిగించిన పోగుల మీద దాని గుర్తులు పెడతారు. తెల్లగా ఉండవలసిన చోట్ల గట్టిగా కట్టు వేస్తారు. ఇందుకు సైకిలు ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పట్టీలు బాగా పనికివస్తాయి. కట్టిన నూలును ఎరుపులో ముంచుతారు. ఎరుపుగానే మిగలవలసిన చోట్ల మళ్ళీ కట్టి, నలుపులో ముంచుతారు. పటికతో ఎరుపునిచ్చే అదే అలిజరిన్, అన్నభేది వంటి ఇనుప లవణం తగిలితే నల్లబడుతుంది. చివరికి కట్లన్నీ విప్పితే తెలుపు, ఎరుపు, నలుపు మూడూ ఒకే పోగు మీద కనిపిస్తాయి.

చిత్రకారుడు తప్పు గీత మీద ఇంకో రంగు పూయగలడు. ఈ పనివాడికి ఆ వీలు లేదు. నల్లబడిన పోగు తిరిగి తెల్లబడదు. కట్టు వదులైతే రంగు లోపలికి పాకుతుంది. అందుకే ఎంత పాకుతుందో ముందే లెక్క వేసుకుని గుర్తుకంటే కొంచెం వెడల్పుగా కడతారు. తడి నూలు రంగు ఎప్పుడూ ముదురుగా కనిపిస్తుంది కాబట్టి, చిన్న పోగును పిండి ఆరబెట్టి చూశాకే మిగతాది తీస్తారు. బావి నీరు మారినా రంగు మారవచ్చు. జాగ్రత్తపరులు ఒక నోటుపుస్తకం పెట్టుకుంటారు. ప్రతి పేజీకి ఒక పోగు ముక్క అతికించి ఉంటుంది. పక్కన మందు ఎంత, నీరు ఎంత, ఎంతసేపు కాగింది, ఆ రోజు ఎండా ముసురా అన్నది రాసి ఉంటుంది. నా దృష్టిలో ఇంట్లోని మగ్గం తరువాత విలువైన ఆస్తి ఆ పుస్తకమే.

ఆలోచించండి: పడుగు పోగులకు, పేక పోగులకు రెండింటికీ బొమ్మ కట్టితే పని ఎందుకు కష్టమవుతుంది? (సూచన: మగ్గం మీద రెండు బొమ్మలూ ఒకే చోట కలవాలి.)

పేక నూలును కట్టడానికి ముందు ఆసు పోయాలి. అంటే విసనకర్రలా అమర్చిన మేకుల మీదుగా పోగును అటూ ఇటూ తిప్పాలి. ఒక చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు కదలాలని చెబుతారు. ఈ పని ఎక్కువగా ఇంటి ఆడవారిదే, భుజాల నొప్పీ వారిదే. తల్లి పడే బాధ చూసి చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారు చేశారు. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. బట్ట మీద సంతకం ఎవరిదైనా, దానిలో ఇంటిల్లిపాది చేయి ఉందని మరవకండి.

ఈ ప్రాంతంలో చాలామంది మాస్టర్ వీవరు ఇచ్చిన నూలుతో, ఆయన చెప్పిన డిజైనుతో మజూరీకి నేస్తారు. అందులో కొంత నిశ్చింత ఉంది, నూలు ఖర్చు వారిది కాదు. సొంతంగా చేసేవారికి రంగు ఎంచుకునే స్వేచ్ఛ ఉంటుంది, దానితోపాటు నష్టం కూడా. ఒక పడుగులో అనేక చీరలుంటాయి కనుక ఒక ముంచుడు చెడితే అన్నీ చెడతాయి. నెలల తరబడి పెట్టుబడి నూలులోనే ఉండిపోతుంది. తీరా కొత్త బొమ్మ బజారుకు వచ్చాక, దాన్ని చూసి చవకగా అచ్చు గుద్దిన మరమగ్గం బట్ట పక్క దుకాణంలో వేలాడుతుంది. 1985 నాటి చట్టం కొన్ని రకాల బట్టలను చేనేతకే కేటాయించింది. కాని నకలును గుర్తుపట్టడం కొనేవారికీ తెలియాలి.

అందువల్ల చాలామంది ఒక మధ్య దారి పట్టారు. ఇల్లు గడవడానికి త్వరగా తేలే రసాయనిక రంగుల చీరలు వేస్తారు. మిగిలిన కాలంలో తమకు నచ్చిన తేలియా రుమాలు ఒకటి మొదలుపెడతారు. అన్నీ పాత పద్ధతిలోనే చేయాలని దూరాన కూర్చుని చెప్పడం న్యాయం కాదు. అయితే రసాయనాలు కలిపేటప్పుడు చేతి తొడుగులు వేసుకోవాలి, వాడిన నీరు తాగునీటి బావి వైపు పోకూడదు.

మీరే చేసి చూడండి

తెల్లని నూలు దారాన్ని ముప్పై చుట్లు చుట్టి చిన్న చిలప చేయండి. రెండు చోట్ల సైకిలు ట్యూబు పట్టీతో బిగించి కట్టండి. వేడి పసుపు నీటిలో అరగంట ఉంచి, నీడలో ఆరబెట్టండి. ఇప్పుడు మరో చోట కూడా కట్టి, సున్నపు తేటలో ఒక్కసారి ముంచి తీయండి. కట్లు విప్పి చూడండి. తెలుపు, పసుపు, ఎరుపు ఎక్కడెక్కడ వచ్చాయి? ఏ కట్టు కింద రంగు పాకింది? ఒక పోగు ముక్కను నోటుపుస్తకంలో అతికించి పక్కన వివరాలు రాయండి. మరో ముక్కను వారం రోజులు ఎండలో ఉంచి, రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చండి.