బ్యాటరీ పరిశ్రమ – పంచాయతీ బాధ్యత

మన పల్లెలలో ఒకప్పుడు టార్చిలైటునే బ్యాటరీ అనెడివారు. నేడు ట్రాక్టరు, ఇన్వర్టరు, మందు కొట్టు పంపు, సౌర వీధిదీపము, సెల్‌ఫోను, ఎలక్ట్రిక్ స్కూటరు అన్నిటికిని బ్యాటరీయే ఆధారము. ఈ పరిశ్రమను స్వదేశమున స్థిరపరచుటకు ప్రభుత్వము చేయుచున్న కృషిని, అందు పంచాయతీలకు గల పాత్రను సభ్యులు గ్రహింపవలెను.

రెండు రకములు

ట్రాక్టరులలో వాడునది సీసపు బ్యాటరీ. దీనిని మన దేశమున చిరకాలముగా తయారు చేయుచున్నారు. సెల్‌ఫోనులలోను, ఎలక్ట్రిక్ వాహనములలోను ఉండునది లిథియం బ్యాటరీ. దీని లోపలి సెల్లులను అధికభాగము చైనా మొదలగు దేశములనుండి తెప్పించి, ఇక్కడ కూర్చుటయే జరుగుచు వచ్చినది. బ్యాటరీ విలువలో పెద్దభాగము సెల్లుదే కనుక ఆ ధనము విదేశములకు పోవుచున్నది.

ప్రభుత్వ ప్రోత్సాహము

ఈ లోటు తీర్చుటకు కేంద్ర ప్రభుత్వము 2021 మే నెలలో 18,100 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. మొత్తము 5 కోట్ల యూనిట్ల విద్యుత్తును నిలువ చేయగల సెల్లులను ఏటేటా తయారుచేయు శక్తిని నెలకొల్పుట దీని లక్ష్యము. ఈ సొమ్ము ముందుగా ఇచ్చునది కాదు. సెల్లులు తయారై అమ్ముడైన మేరకే లభించును. అంతేగాక, సెల్లు విలువలో స్వదేశీయ భాగము రెండేండ్లలో 25 శాతమునకు, ఐదేండ్లలో 60 శాతమునకు చేరవలెనని నిబంధన కలదు.

రాష్ట్రములును ఈ కృషిలో పాల్గొనుచున్నవి. 2022 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వముతో కుదిరిన ఒప్పందము ననుసరించి, మహబూబ్‌నగర్ సమీపమున దివిటిపల్లి వద్ద అమర రాజా సంస్థ కర్మాగారమునకు 2023 మే నెలలో శంకుస్థాపన జరిగినది.

లిథియం, కోబాల్టు వంటి ఖనిజములపై దిగుమతి సుంకము 2024లో తొలగింపబడినది. 2025-26 బడ్జెటులో పాత లిథియం బ్యాటరీల తుక్కుపై సుంకము సైతము తీసివేసిరి. ఆ తుక్కునుండి విలువైన లోహములు మరల లభించుటయే ఇందుకు కారణము. విదేశపు తుక్కునే ఆహ్వానించుచుండగా, మన ఊరి పాత బ్యాటరీని చెత్తకుప్పపాలు చేయుట ఎంత నష్టము!

పాత బ్యాటరీ తిరిగి చేరవలెను

2022 ఆగస్టులో వెలువడిన బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము, ఉత్పత్తిదారులే పాత బ్యాటరీలను సేకరింపజేసి శుద్ధికి పంపవలెను. వాడుకదారులు వాటిని ఇతర చెత్తతో కలుపరాదు. అయినను కొన్నిచోట్ల సీసపు బ్యాటరీలను పగులగొట్టి, ఆమ్లమును నేలపై పారబోసి, పెరళ్లలోనే సీసము కరగించుచున్నారు. ఆ పొగ, ఆ ధూళి పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీయును. కలుషితమైన మట్టి ఏండ్లతరబడి విషముగానే యుండును.

పంచాయతీలు చేయవలసినవి

1. చెత్త సేకరణలో బ్యాటరీలను వేరుగా తీసికొని, పొడిగానుండు చోట భద్రపరచవలెను. లిథియం బ్యాటరీని గ్రుచ్చినను, నలగగొట్టినను నిప్పంటుకొనవచ్చునని సిబ్బందికి తెలుపవలెను.

2. కొత్త సీసపు బ్యాటరీ కొనునపుడు పాతది అంగడిలోనే ఇచ్చినచో సాధారణముగా ధర తగ్గింతురని గ్రామసభలో చాటవలెను.

3. వీధిదీపముల పాత బ్యాటరీలను ఎవరికి అప్పగించినదియు రికార్డులో వ్రాయవలెను. వానిని కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదైన శుద్ధి కర్మాగారములకు చేరునట్లు చూడవలెను.

4. గ్రామములో ఎవరైన సీసము కరగించుచున్నచో ఆపించి, మండలికి తెలియజేయవలెను.

కర్మాగారమునకు ధనసహాయము ప్రభుత్వము చేయగలదు. గ్రామములోని పాత బ్యాటరీ ఆ కర్మాగారమునకు తిరిగి చేరుట మాత్రము పంచాయతీ శ్రద్ధపైననే ఆధారపడియున్నది.