దేహంలోని వెచ్చదనం - ఒక దైవ నిదర్శనం

దివ్య ఖుర్ఆన్‌లోని 16వ సూరా పేరు 'అన్ నహ్ల్'. అంటే తేనెటీగ. ఈ సూరా 5వ ఆయత్‌లో అల్లాహ్ పశువుల సృష్టిని ప్రస్తావిస్తూ, వాటిలో మనకు వెచ్చదనం ఉందని గుర్తు చేశాడు. వాటి ఉన్నితో, తోలుతో మనం చలి కాచుకుంటున్నాం. మరి ఆ పశువు ఒంట్లోకి, మన ఒంట్లోకి వేడి ఎక్కడి నుండి వస్తోంది? ఎప్పుడైనా యోచించామా?

మంట లేని పొయ్యి

ఖమ్మం నుండి కొత్తగూడెం మీదుగా భద్రాచలం వెళుతుంటే పాల్వంచలో థర్మల్ విద్యుత్ కేంద్రం కనిపిస్తుంది. అక్కడ బొగ్గు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మండుతుంది. మన శరీరంలో జరిగేదీ ఇంచుమించు ఇదే. తిన్న ఆహారం జీర్ణమై రక్తంలో చేరి, కణాలలోని మైటోకాండ్రియా అనే అతి సూక్ష్మ భాగాలలో ఆక్సిజన్‌తో కలుస్తుంది. కాని మంట ఉండదు, పొగ ఉండదు. ఆ శక్తిలో కొంత మన పనులకు ఉపయోగపడుతుంది, మిగిలినది వేడిగా మారుతుంది.

మే నెలలో కొత్తగూడెం ఎండ 45 డిగ్రీలు దాటినా, పుష్యమాసపు తెల్లవారుజామున అడవి చలి వణికించినా ఆరోగ్యవంతుని దేహం లోపలి వేడి 37 డిగ్రీల దగ్గరే ఉంటుంది. మెదడులోని హైపోథాలమస్ దీనికి కాపలాదారు. వేడి పెరిగితే చెమట పట్టిస్తుంది. తగ్గితే చర్మంలోని రక్తనాళాలను ముడుస్తుంది, కండరాలను వణికిస్తుంది. మనం బాధగా భావించే ఆ వణుకు కూడా దైవకారుణ్యమే!

అడవి నేర్పే పాఠాలు

చెట్టు తొర్రల్లో పట్టు పెట్టే తేనెటీగలను చూడండి. పిల్లపురుగులున్న గదులను అవి సుమారు 33 నుండి 35 డిగ్రీల వేడిలో ఉంచుతాయి. చలివేస్తే రెక్కలు ఆడించకుండానే ఎగిరే కండరాలను కదిలించి వేడి పుట్టిస్తాయి. ఉక్కపోస్తే నీళ్ళు తెచ్చి చల్లి, రెక్కలతో విసురుతాయి.

కొండచిలువ శీతలరక్త జీవి. దాని ఒంటికి బయటి ఎండే ఆధారం. అయినా గుడ్లు పెట్టాక తల్లి వాటిని చుట్టుకొని, కండరాలను వణికిస్తూ వెచ్చదనం ఇస్తుంది. ఇక తామరపువ్వు విషయం మరీ విచిత్రం. విచ్చుకునే రోజుల్లో అది బయటి చలితో నిమిత్తం లేకుండా తన వేడిని 30 నుండి 36 డిగ్రీల మధ్య నిలుపుకుంటుందని 1996లో ఆస్ట్రేలియాలోని శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

పుట్టిన వేడి నిలవాలి కూడా. పక్షి చలికి ఈకలు ఉబ్బించి వాటి మధ్య గాలిని బంధిస్తుంది. మన గొంగడి చేసేదీ అదే. గొంగడికి సొంత వేడి లేదు, మన వేడిని పోనివ్వదు, అంతే.

పసిబిడ్డ హక్కు

అప్పుడే పుట్టిన బిడ్డకు సరిగా వణకడం రాదు. అందుకే సృష్టికర్త ఆ బిడ్డ మెడ చుట్టూ, భుజాల మధ్య గోధుమరంగు కొవ్వును అమర్చాడు. వేడి పుట్టించడమే దాని పని. నెలలు నిండని బిడ్డలో అది తక్కువ.

కొన్ని ఇళ్ళలో బిడ్డకు స్నానం చేయించాకే చెవిలో అజాన్ చెప్పాలని తొందరపడతారు. షరీఅత్ అలాంటి షరతు పెట్టలేదు. ఒళ్ళు పొడిగా తుడిచి, తల్లి గుండెలకు హత్తించి కూడా అజాన్ చెప్పవచ్చు. మొదటి స్నానానికి 24 గంటలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను తల్లి ఒంటికి నేరుగా ఆనించి ఉంచే పద్ధతి 1978లో కొలంబియాలోని బొగొటా నగరంలో మొదలైంది. ఎందరో పసికందుల ప్రాణాలు కాపాడింది. తల్లికి వీలుకాకపోతే తండ్రి గుండెలపైనా పడుకోబెట్టవచ్చు.

వృద్ధుల ఒంట్లోనూ వేడి పుట్టే శక్తి తగ్గుతుంది. గోదావరి ఒడ్డున, అడవి గూడేలలో చలికి వణికే వృద్ధులు, బాలింతలు ఏ మతస్తులైనా మన పొరుగువారే. పొరుగువారి హక్కు గురించి దైవప్రవక్త (స) ఎంతగా తాకీదు చేశారో మనకు తెలుసు. చలికాలం రాకముందే మన ఇంట్లో అదనంగా ఉన్న దుప్పటి వారికి చేరాలి.

మనలో ఈ వెచ్చదనాన్ని ఉంచిన అల్లాహ్‌కు కృతజ్ఞతలు తెలుపుకునే, దానిని ఇతరులతో పంచుకునే సద్బుద్ధిని ఆయన మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.