కారం మిల్లు పెట్టేముందు

అమ్మలూ,

నువ్వు పంపిన మెసేజీ చూశాను. కారం, మసాలా పొడుల యూనిట్ పెడదామన్న ఆలోచన మంచిదే. అయితే నువ్వడిగిన మొదటి మాట, ఏ పథకంలో సబ్సిడీ ఎక్కువ అని. బ్యాంకులో పనిచేసినన్నాళ్లూ ఆ మాటతో వచ్చినవాళ్లని చూశాను. షెడ్డు వేసి, మరలు దించి, అప్పుడు సరుకు ఎవరికి అమ్మాలా అని తిరిగేవాళ్లు. నువ్వు అటునుంచి నరుక్కురా.

ముందు కొనేవాళ్ల దగ్గరికి వెళ్లు. తెనాలిలోనూ బెజవాడలోనూ కర్రీ పాయింట్లు, హాస్టళ్లు, పచ్చళ్లు పట్టేవాళ్లు ఉన్నారు. నెలకి ఎన్ని కిలోలు వాడతారు, ఇప్పుడు ఎవరి దగ్గర కొంటున్నారు, డబ్బు ఎన్నాళ్లకి ఇస్తారు? ఆ చివరి ప్రశ్న అడగడానికి మొహమాటపడకు. మనవాళ్లతో వచ్చిన చిక్కే అది.

ఆ తర్వాత గుంటూరు మిర్చి యార్డు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కాయ ముమ్మరంగా దిగుతుంది. మీ నాన్నకి తెలిసిన కమీషన్ కొట్లో పొద్దున్నుంచీ కూర్చో. తేజ రకం కాయ ఘాటుకి, బ్యాడిగి రంగుకి. ఎర్రకాయకీ తాలుకాయకీ ధరలో తేడా ఎంతో, తొడిమలు తీయడానికి కూలి ఎంతో, తొడిమా తేమా పోగా క్వింటా కాయకి ఎంత పొడి చేతికొస్తుందో అక్కడి గుమస్తాని అడుగు. ప్రాజెక్టు రిపోర్టులు రాసే ఆడిటర్లకి ఆ తరుగు సంగతి తెలియదు, ఎవరి రిపోర్టో చూసి అంకెలు దించేస్తారు.

అక్కడ కూర్చుంటే ఇంకోటి కూడా తెలుస్తుంది. ఈ వ్యాపారంలో డబ్బు తినేది మర కాదు, కాయ. సీజన్లో కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోకపోతే మిగతా ఏడాదంతా వాళ్లూ వీళ్లూ చెప్పిన ధరకే కొనాలి. కాబట్టి బ్యాంకుకి వెళ్లినప్పుడు మెషినరీ లోనుతో సరిపెట్టుకోకుండా వర్కింగ్ క్యాపిటల్ కూడా అడుగు. ముద్ర పథకంలో శిశు కింద 50 వేల దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు.

సరుకు నాణ్యత పరీక్షకి స్పైసెస్ బోర్డు ల్యాబ్ గుంటూరులోనే ఉంది. కాయలో తేమ మిగిలితే బూజు పడుతుంది, దానితో అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. శాంపిలు పరీక్ష చేయించి ఆ కాగితం కొనేవాళ్లకి చూపించు. రంగు కలిపిన కారం నీకంటే చవగ్గా అమ్మేవాడు ఎప్పుడూ ఉంటాడు. వాడి ధరకి దిగావో, నువ్వూ రంగు కలపాల్సిందే.

ఇక కాగితాలు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కి ఆధార్, పాన్ ఉండాలి, పైసా ఖర్చు లేదు. ఫీజు అడిగినవాడు దళారీ అనుకో. ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు లేకుండా ప్యాకెట్ బయటికి పంపకు. శిక్షణ కావాలంటే జిల్లాకో ఆర్‌సెటీ అనే శిక్షణ కేంద్రం ఉంటుంది, బ్యాంకులే నడుపుతాయి, తిండీ బసా కూడా ఉచితమే.

సబ్సిడీ సంగతి జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కో. పథకాలకి గడువులుంటాయి, ఈ ఏడాది ఏది నడుస్తోందో వాళ్లే చెప్పాలి. పీఎంఈజీపీ అనే పథకం నిబంధనల్లో ఊళ్లో యూనిట్ పెట్టే ఆడవాళ్లకి 35 శాతం సబ్సిడీ అని రాశారు, చేతి సొమ్ము 5 శాతం పెట్టుకోవాలి. అయితే ఆ సబ్సిడీ డబ్బు నీ చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి, ఆ తర్వాత నీ లోనులో జమవుతుంది. దాన్ని నమ్ముకుని కాయ కొనలేవు.

యార్డు లెక్కా, నీ దగ్గర కొంటామన్నవాళ్ల జాబితా రాసి ముందు నాకు పంపు. అవి చూశాక బ్యాంకుకి నేనూ వస్తాను.

మీ అమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు,
పెదనాన్న