లాంచీ దిగగానే చిరాకు మొదలు

ప్రశ్న: మాది చిలకలూరిపేట దగ్గర పల్లె. కౌలుకు మిర్చి, పత్తి వేస్తాను. స్నేహితులతో నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలానికి లాంచీలో వెళ్లాను. ఆ రోజంతా మనసు తేలిగ్గా ఉంది. ఇంటికొచ్చాక మళ్లీ చిరాకు, నిద్రలేమి. ఆ ప్రశాంతత నిలవాలంటే ఏం చేయాలి?
– ఓ రైతు

జవాబు: అది నల్లమల అందం వల్ల మాత్రమే కాదండీ. లాంచీ ఎప్పుడు చేరుతుందో మీ చేతుల్లో లేదు, కొండల మధ్య సిగ్నలూ సరిగా అందదు. నిర్ణయాలు తీసుకునే పని ఆ రోజుకు తప్పింది. ఇంటి దగ్గర గుంటూరు యార్డు ధర, కోల్డ్ స్టోరేజీ సరుకు అమ్మాలా ఆపాలా, తామరపురుగుకు ఏ మందు కొట్టాలి, అన్నీ ఒకేసారి మీద పడతాయి.

ముందు ఫోన్ సంగతి చూడండి. ధరలు రోజుకొకసారి, యార్డులో కొనుగోళ్లు ముగిశాక చూస్తే చాలు. గంటకోసారి వాట్సాప్ తెరిచినంత మాత్రాన క్వింటాలుకు రూపాయి పెరగదు! రాత్రి భోజనమయ్యాక ఫోన్ వేరే గదిలో పెట్టండి. అప్పులు, గడువులు కాగితం మీద రాసుకుని ఆదివారం మీ ఇంటావిడతో కూర్చుని చూడండి. మిగతా రోజుల్లో గుర్తొస్తే ఆదివారానికి వాయిదా వేయండి. మొదట్లో మనసు మాట వినదు, పట్టు వదలకండి. సాగర్ కుడికాలువ నీళ్లు మీ వైపూ వస్తాయి, అదీ కృష్ణమ్మే. సాయంత్రం కాలువ గట్టున అరగంట నడవండి.

రెండు వారాలైనా నిద్ర పట్టకపోతే, ఆకలీ పని మీద ఆసక్తీ తగ్గితే గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించుకోండి. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగొద్దు. పురుగుమందుల తాళం ఇంట్లోవాళ్లకు అప్పగించి, టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రేయింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.